రోప్ యాక్సెస్ సామాన్లకు ఎలాంటి బ్యాగ్ తీసుకోవాలి?

పోయిన ఎపిసోడ్‌లో తాడు మీద వేలాడుతూ చేసే పని, అదే రోప్ యాక్సెస్ గురించి మాట్లాడుకున్నాం కదా. దాని తర్వాత వచ్చిన వాయిస్ మెసేజ్‌లలో ఎక్కువగా వినిపించిన ప్రశ్న ఒకటే: "అన్నా, ఆన్‌లైన్‌లో రాక్ క్లైంబింగ్ బ్యాగులు కనిపిస్తున్నాయి, మన సామాన్లకు అవి పనికొస్తాయా?"

పనికొస్తాయి. కానీ అన్నీ కాదు. ఎపిసోడ్‌లో గబగబా చెప్పిన సంగతులు ఇక్కడ నింపాదిగా రాస్తున్నా. నేను అబుదాబిలో బిల్డింగుల మీద ఇదే పని చేస్తాను. అందుకే ఇక్కడి ఎండ, ఇసుక, కంపెనీ బస్సు, క్యాంపు రూమ్ అన్నీ లెక్కలో పెట్టుకుని చెబుతున్నా.

ఒక్కసారి ఆలోచించండి. మనం ప్రాణం పెట్టి వేలాడే సామాను గోడ మీద ఉండేది కొన్ని గంటలే. మిగతా రోజంతా బ్యాగ్‌లోనే ఉంటుంది. తాడు మనకు తెలియకుండా పాడయ్యేది అక్కడే. ఒక కారాబైనర్ తక్కువైందని కింద ఉండగానే తెలియాల్సిందీ అక్కడే.

రాక్ క్లైంబింగ్ బ్యాగ్‌కీ మన అవసరానికీ తేడా

భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ నేర్పిస్తారని మన తెలంగాణ వాళ్లకు తెలిసే ఉంటుంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ శిక్షణ మొదలైంది అక్కడే. రాయి ఎక్కేవాళ్లు వాడే తాడు సాగుతుంది, పడినప్పుడు ఆ కుదుపును అదే మింగుతుంది. మనం వాడేది తక్కువ సాగే తాడు, ఈఎన్ 1891 రకం. పైగా మనకు ఎప్పుడూ రెండు తాళ్లుంటాయి: ఒకటి పనికి, ఒకటి బ్యాకప్‌కి.

దీనివల్ల బ్యాగ్ విషయంలో రెండు తేడాలొస్తాయి. మొదటిది, మన బరువు ఎక్కువ. రెండోది, చాలా క్లైంబింగ్ బ్యాగులకు తాడును పైమూత కింద బయటే కట్టుకునే పట్టీ ఉంటుంది. చల్లటి దేశంలో అది బాగానే ఉంటుంది. గల్ఫ్‌లో ఎండకూ ఇసుకకూ తాడును అలా వదిలేయకూడదు. సెలవు రోజు సరదాగా కొండలకు వెళ్లేవాళ్లు ఆ సాగే తాడును, పని తాడును ఒకే బ్యాగ్‌లో కలపొద్దు.

ముందు తూకం వేయండి

లీటర్లు చూడకముందు మీ సామాను తూకం వేయండి. హార్నెస్, హెల్మెట్, డిసెండర్, బ్యాకప్ డివైస్, ఛాతీ దగ్గరా చేతికీ ఉండే అసెండర్లు, కాలి పట్టీ, కౌస్ టెయిల్స్, స్లింగులు, పది దాకా కారాబైనర్లు. అవన్నీ కలిపితే సుమారు ఏడెనిమిది కిలోలు. 11 మిల్లీమీటర్ల తాడు మీటరుకు 75 గ్రాములు అనుకోండి. 50 మీటర్ల తాడు ఒక్కొక్కటి నాలుగు కిలోలకు కొంచెం తక్కువ. రెండు తాళ్లూ కలిపితే ఇంకో ఏడున్నర కిలోలు. నీళ్లు, టూల్స్ అదనం.

కాబట్టి అంతా ఒకే పెద్ద బ్యాగ్‌లో కుక్కే ఆలోచన మానుకోండి. నేను చెప్పే పద్ధతి ఇది: సొంత సామానుకు 40 లీటర్ల దరిదాపుల్లో ఒక బ్యాక్‌ప్యాక్, తాళ్లకు విడిగా గొట్టం ఆకారపు రోప్ బ్యాగులు. నడుముకు బిగించే వెడల్పాటి బెల్టు తప్పకుండా ఉండాలి. బరువు భుజాల మీంచి నడుము మీదికి దిగితేనే మెట్లెక్కి టెర్రస్‌కి వెళ్లేసరికి చేతుల్లో సత్తువ మిగులుతుంది. మన పని మొదలయ్యేదే అక్కడ కదా. బ్యాగ్ మీ వీపు కంటే వెడల్పుగా ఉంటే ఇరుకు నిచ్చెనల దగ్గర తగులుకుంటుంది, అది వద్దు.

పైనుంచి తెరుచుకునేదా, పక్కనుంచా?

పైన మాత్రమే మూత ఉన్న బ్యాగ్‌లో కావాల్సింది ఎప్పుడూ అడుగునే దొరుకుతుంది. సామాన్లన్నీ కింద పోసి వెతకాలి. టెర్రస్ అంచు దగ్గర అలా పోయడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ముందు వైపు నిలువునా జిప్ తెరుచుకుని, లోపల తగిలించుకునే లూపులున్నది తీసుకోండి. లోపలి గుడ్డ తెల్లగానో పసుపుగానో ఉంటే చిన్న వస్తువు కూడా కనిపిస్తుంది. జిప్ పెద్ద పళ్లది చూడండి. సన్న జిప్‌లు ఇసుకకు తొందరగా పట్టేస్తాయి.

తాడు బ్యాగ్‌కి మాత్రం పైమూతే మంచిది. తాడు చివర ముందు స్టాపర్ ముడి వేసి, ఆ చివరను అడుగున లూప్‌కి కట్టి, చుట్టలు చుట్టకుండా కొంచెం కొంచెంగా లోపలికి తోస్తూ పోండి. బయటికి తీసేటప్పుడు చిక్కుపడదు. ఒక బ్యాగ్‌కి ఒక తాడు.

ఏ గుడ్డ?

పీవీసీ టార్పాలిన్ గట్టిది, దుమ్ము తుడిస్తే పోతుంది. కానీ దానికి గాలి ఆడదు. తడి తాడు అందులో పెట్టి మూసేస్తే అలాగే ముక్కిపోతుంది. అడుగున నీళ్లు పోయే రంధ్రాలున్నవి చూసుకోండి, రూమ్‌కి రాగానే తాడు బయటికి తీసి నీడలో ఆరేయండి. మందపాటి నైలాన్ గుడ్డ తేలిక, కానీ రాపిడికి అంతగా ఆగదు. సముద్రం పక్క సైట్లలో ఉప్పు గాలికి అల్యూమినియం సామాను పాడవుతుంది. దాన్ని మంచినీళ్లతో కడిగి, ఆరాకే లోపల పెట్టాలి.

యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని ఆపాలన్నది రూలు. ఆ టైములో మనం నీడకు పోతాం. బ్యాగ్ టెర్రస్ మీదే ఎండలో ఉండిపోతుంది. దాన్నీ నీడకు తెచ్చుకోండి.

దేని పక్కన ఏది పెట్టకూడదు

నైలాన్‌కి యాసిడ్ శత్రువు. తాడుకైనా హార్నెస్‌కైనా యాసిడ్ తగిలితే పైకి ఏమీ కనిపించకుండానే బలం పోవచ్చు. కార్ బ్యాటరీ, గోడలు కడిగే కెమికల్ డబ్బాలు, అవి తుడిచిన గుడ్డలు బ్యాగ్ దగ్గరికి రానివ్వకండి. పికప్‌లో వెనక పడేసే ముందు అడుగున ఏమేమి కారి ఉందో చూడండి. బ్లేడ్లు, స్క్రాపర్లు వేరే గట్టి డబ్బాలో ఉండాలి. ఇసుక రేణువులు తాడు లోపలికి దిగి దారాలను కోస్తాయి, అందుకే తాడును నేల మీద పెట్టకుండా చిన్న పట్టా పరుచుకోండి.

సర్దే పద్ధతి

బరువైన ఇనుప సామాను వీపుకి దగ్గరగా, మధ్యలో పెట్టండి. హార్నెస్ పైన ఉండాలి, ముందు కావాల్సింది అదే కాబట్టి. హెల్మెట్ కూడా లోపలే. బయట వేలాడదీస్తే బస్సు డోరుకీ గోడకీ కొట్టుకుంటుంది. లాగ్‌బుక్, సర్టిఫికెట్ కాపీలు నీళ్లు దిగని కవర్లో పెట్టండి.

ప్రతి వస్తువుకీ ఒకే చోటు ఉండాలి. మన సామాన్లను ఆరు నెలలకోసారి అర్హత ఉన్నవాళ్లు సీరియల్ నంబర్లతో సహా తనిఖీ చేస్తారు. రోజూ వాడే ముందు చూసుకోవాల్సింది మాత్రం మనమే. చోటు ఖాళీగా ఉంటే వస్తువు లేదని కన్ను వెంటనే పట్టేస్తుంది. సాయంత్రం అలసిపోయినా ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూస్తూ సర్దండి. అనుమానం వచ్చిన దాన్ని పక్కనపెట్టి, సూపర్‌వైజర్‌కి అప్పుడే చూపించండి.

బ్యాక్‌ప్యాక్ మీద పేరు మార్కర్‌తో రాసుకోవచ్చు. తాడు మీద, హార్నెస్ పట్టీ మీద మాత్రం మార్కర్ వద్దు, ఇంకు నైలాన్‌ని పాడుచేయొచ్చు.

ఇంకొకటి. బ్యాక్‌ప్యాక్ పైనుండే చిన్న చేతిపట్టీ చేత్తో ఎత్తడానికే. దానికి తాడు కట్టి బరువును పైకి లాగొద్దు. లాగడానికి వేరే హాల్ బ్యాగులుంటాయి, ఎంత బరువు మోస్తాయో వాటి మీద రాసి ఉంటుంది.

డబ్బు తక్కువుంటే?

ఖరీదైన బ్యాగ్ కొనలేకపోతే బాధపడక్కర్లేదు. నడుము బెల్టున్న మామూలు ట్రెక్కింగ్ బ్యాగ్ తీసుకుని, బజార్లో టైలర్ దగ్గర రంగురంగుల చిన్న సంచులు నాలుగు కుట్టించుకోండి. ఎర్రదాంట్లో కారాబైనర్లు, నీలందాంట్లో స్లింగులు, అలా. కొనే ముందు షాపులోనే పది కిలోల బరువు వేసి, వీపుకి తగిలించుకుని నాలుగు మెట్లు ఎక్కి చూడండి.

ఊరికి వెళ్లేటప్పుడు సొంత సామాను తీసుకెళ్తుంటే ఇనుప వస్తువులు చెకిన్ లగేజీలో వేయండి. పవర్ బ్యాంక్, విడి బ్యాటరీలు మాత్రం చేతి బ్యాగ్‌లోనే ఉండాలి.

మీరు మీ బ్యాగ్ ఎలా సర్దుకుంటారో వాయిస్ మెసేజ్ పంపండి. సౌదీలో, ఖతర్‌లో ఆయిల్ సైట్లలో ఉన్న తమ్ముళ్లు ముఖ్యంగా చెప్పండి, అక్కడి పద్ధతులు వేరే ఉంటాయి. వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాను.