గుండెకు కాపరి వచ్చిన తరువాత

విజయవాడ వద్ద కృష్ణానదిపై ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయినది. మరుసటి సంవత్సరం అక్టోబరు 8వ తేదీన, స్వీడన్ దేశపు స్టాక్‌హోమ్ నగరంలో, ఒక మానవుని శరీరంలో ప్రప్రథమంగా పేస్‌మేకరును అమర్చినారు. ఈ రెండింటికీ పోలిక ఏమిటని ఎవరైనా అడుగవచ్చును. బ్యారేజీ నీటిని సృష్టించదు. వచ్చిన నీటిని తగిన మట్టాన నిలిపి కాలువలకు అందిస్తుంది. పేస్‌మేకరు కూడ గుండె కండరానికి కొత్త బలం ఇవ్వదు. గుండె వేగం మందగించినప్పుడు స్వల్పమైన విద్యుత్తును పంపి, లయ తప్పకుండా కాపాడుతుంది. కాలువకు నీరు వచ్చిన తరువాత పొలం దున్నవలసినది రైతే. అట్లే, లయ కుదిరిన తరువాత శరీరాన్ని తిరిగి శ్రమకు అలవాటు చేసుకొనవలసినది మనిషే.

స్టాక్‌హోమ్‌లో ఆనాడు చికిత్స పొందిన వ్యక్తి ఆర్నె లార్సన్. అప్పటికి ఆయన వయస్సు 43 సంవత్సరాలు. గుండె లయ తప్పి, రోజుకు అనేక పర్యాయాలు స్పృహ కోల్పోతూ ఉండేవారు. రూనె ఎల్మ్‌క్విస్ట్ నిర్మించిన యంత్రాన్ని శస్త్రవైద్యుడు ఓకె సెన్నింగ్ అమర్చినారు. ఆ మొదటి యంత్రం కొన్ని గంటలకే ఆగిపోయినది. అయినను లార్సన్ తన జీవితకాలంలో మొత్తం 26 పేస్‌మేకర్లతో బ్రతికి, యంత్రం చేసినవారు, అమర్చినవారు మరణించిన తరువాత కూడ జీవించి ఉండి, 2001లో 86వ ఏట కన్నుమూసినారు. ఆ మరణానికి హేతువు క్యాన్సరే గాని గుండె లయ కాదు.

నేడు ఈ చికిత్స కొరకు దూరదేశాలకు పోనక్కరలేదు. విజయవాడ ఆసుపత్రులలోనే జరుగుతున్నది. గుడివాడ నుండి, మచిలీపట్నం నుండి, దివిసీమ నుండి వచ్చినవారు కొద్ది రోజులలోనే ఇంటికి చేరుకొంటున్నారు. చిక్కు అక్కడ మొదలవుతుంది. “నాన్నగారూ, మీరు లేవకండి, మంచినీళ్లు నేను తెస్తాను” అంటాడు కుమారుడు. “తాతయ్యను కదిలించకండిరా” అని పిల్లలను హెచ్చరిస్తుంది కోడలు. అది ప్రేమే, సందేహం లేదు. కాని నెలల తరబడి పడకకుర్చీకి అంటుకొన్న మనిషికి కాళ్ల కండరాలు సన్నగిల్లుతాయి, నడక తడబడుతుంది, చిన్న పనికే ఆయాసం వస్తుంది. అప్పుడు ఆ నిందను యంత్రంపై మోపుతారు. అసలు దోషం యంత్రానిది కాదు, నిశ్చలత్వానిది.

అయితే మొదటి నాలుగు నుండి ఆరు వారాలు జాగ్రత్త అవసరమే. దాని కారణం తెలిసికొంటే భయం పోతుంది. సాధారణంగా యంత్రాన్ని మెడ ఎముకకు దిగువ చర్మం క్రింద ఉంచుతారు. అక్కడి నుండి సన్నని తీగలు రక్తనాళం గుండా గుండెలోనికి పోతాయి. వాటి కొసలు గుండె గోడలో కుదురుకొనడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈ లోపల ఆ వైపు చేతిని భుజానికి మించి ఎత్తినా, బరువు లాగినా తీగ కదలవచ్చును. కాబట్టి ఆ చేతితో బిందె ఎత్తరాదు, బావిలో చేద లాగరాదు, బియ్యపు బస్తా పట్టరాదు. గాయం మానేవరకు దానికి నీరు తగులనీయరాదు. కాలువ స్నానాలూ ఈతా అప్పటివరకు ఆగవలసినదే. అట్లని చేతిని కట్టివేసినట్లు ఉంచుకొనడమూ తప్పే. అప్పుడు భుజపు కీలు బిగుసుకొనిపోతుంది. భుజం ఎత్తుకు లోబడి చేతిని రోజూ కదలిస్తూనే ఉండవలెను.

ఈ నియమం వృత్తిని బట్టి రూపం మారుతుంది. కుడిచేతివాటం గలవారికి యంత్రాన్ని సాధారణంగా ఎడమవైపున అమర్చుతారు గనుక, ఉపాధ్యాయుడు నల్లబల్లపై వ్రాయడానికి పెద్ద ఆటంకం ఉండదు. గోడ పటాన్ని రెండు చేతులతో ఎత్తి తగిలించే పని మాత్రం విద్యార్థికి అప్పగించవలెను. జాలరి విసురువల వేయడానికి, పడవవాడు తెడ్డు వేయడానికి డాక్టరు అనుమతి పొందవలెను. యంత్రం ఉన్న భుజంపై కావడి మోయరాదు. కూచిపూడి నాట్యాచార్యుడు చేతులు చాచి నిలువకముందు, చేతులు దించుకొని మెల్లగా అడుగులు సాధన చేయవచ్చును.

నడకకు ఇన్ని ఆంక్షలు లేవు. డాక్టరు అనుమతిస్తే ఇంటికి వచ్చిన తొలి దినాలలోనే ప్రారంభింపవచ్చును. మొదట పూటకు ఐదు, పది నిమిషాలు. తరువాత రోజురోజుకు కొంచెం. డెల్టా భూమి సమతలం. కాలువ గట్ల వెంట ఎత్తుపల్లాలు తక్కువ. ప్రకాశం బ్యారేజీ ఒక కొస నుండి మరొక కొసకు సుమారు 1,220 మీటర్లు. ఒకప్పుడు వీధి చివరకు పోలేనివాడు కొన్ని వారాలకు ఆ పొడవు నడువగలిగితే, అది గొప్ప విజయం. విజయవాడ వేసవి ఎండ మాత్రం ఎవరినీ మన్నించదు. ఆ నెలలలో సూర్యోదయానికి ముందే నడక ముగించుకొనడం మంచిది. శ్రమకు కొలత నాడి కాదు. నాడి వేగాన్ని కొంతవరకు యంత్రమే నిర్ణయిస్తుంది. తోడు నడిచేవారితో మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేనంత శ్రమ తగినది. మాటకే ఊపిరి చాలకపోతే వేగం తగ్గించవలెను.

విద్యార్థులు గమనింపదగిన విశేషం ఒకటున్నది. అనేక పేస్‌మేకర్లలో శరీరపు కదలికను పసిగట్టి గుండె వేగాన్ని పెంచే ఏర్పాటు ఉంటుంది. నడకలో శరీరం ఊగుతుంది గనుక అది చక్కగా స్పందిస్తుంది. కదలని సైకిలుపై కాళ్లు మాత్రమే ఆడితే అంతగా గ్రహించలేదు. ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కేటప్పటికంటె, కుదుపు ఎక్కువైన దిగుడులో కొన్ని యంత్రాలు గుండె వేగాన్ని అధికం చేయగలవు. కాబట్టి మెట్లు ఎక్కుతుండగా హఠాత్తుగా నీరసం వస్తే, “నా పని అయిపోయినది” అని కుంగిపోరాదు. ఆ సంగతి డాక్టరుకు చెప్పవలెను. కోత లేకుండానే, శరీరం వెలుపలి నుండి యంత్రపు అమరికను సరిదిద్దవచ్చును.

కొన్ని గుర్తులను మాత్రం ఉపేక్షింపరాదు. కళ్లు తిరగడం, స్పృహ తప్పడం, ఛాతీ నొప్పి, పెరుగుతున్న ఆయాసం, ఎడతెగని ఎక్కిళ్లు, గాయం ఎర్రబడి వాయడం, జ్వరం - వీటిలో ఏది కనిపించినా వ్యాయామం ఆపి వెంటనే వైద్యుని చూడవలెను. ఛాతీపై దెబ్బ తగిలే చెడుగుడు, కుస్తీ వంటి ఆటలకు దూరంగా ఉండడం శ్రేయస్కరం.

పేస్‌మేకరు వృద్ధులకే పరిమితం కాదు. పుట్టుకతోనే గుండె లయలో లోపమున్న పిల్లలకూ అమర్చుతారు. అటువంటి బాలుడు తరగతిలో ఉన్నప్పుడు డ్రిల్లు మాస్టరు అతనిని మైదానం అంచున కూర్చోబెట్టి ఊరుకొనరాదు. ఏ ఆట ఆడవచ్చునో, ఏది కూడదో డాక్టరు చేత వ్రాయించి తెప్పించుకొని, తగిన ఆటలో చేర్చుకొనవలెను. తాతయ్యకు తోడుగా నడిచే మనుమడూ, ఆ బాలునితో బంతి ఆడే సహాధ్యాయీ చేసే మేలు చిన్నది కాదు. ప్రాణాన్ని కాపాడినది యంత్రమే. ఆ ప్రాణానికి వీధినీ, పొలాన్నీ, మైదానాన్నీ తిరిగి ఇవ్వవలసినవారు చుట్టూ ఉన్న మనుషులు.