దయకు ఓర్పు తోడు

మా సీతారామపురమున నా చిన్ననాడు వీధికుక్కకు దక్కునవి రెండే: అన్నపు ముద్ద, లేదా రాయి. మూడవ దారిని మా నెల్లూరు సీమకు చేరువనున్న మదరాసులో ఒక ఇల్లాలు చూపెను. ఆమె ఉషా సుందరం; వృత్తిచే విమానచోదకురాలు.

1959లో వరదనీట కొట్టుకొనిపోవుచున్న రెండు కుక్కపిల్లలను ఆమె భర్త కెప్టెన్ సుందరం కాపాడి ఇంటికి తెచ్చెను. దిక్కులేని జంతువుల కాశ్రయమైన ఆ ఇంటినుండియే ‘బ్లూ క్రాస్’ సంస్థ వెలసినది.

ఆనాడు నగరపాలకులు వీధికుక్కలను పట్టి, విద్యుత్తుతో చంపించుచుండిరి. ఎన్ని చంపినను, ఖాళీయైన వీధికి క్రొత్తవి చేరుచునే యుండెను. 1964లో ఈ సంస్థ వేరొక పద్ధతి చేపట్టెను: కుక్కకు సంతాననిరోధ శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, దాని వీధిలోనే విడుచుట. నగరము దీని నంగీకరించుటకు 1996 వరకు పట్టినది. 2001లో ఇది దేశమంతటికి నియమమైనది.

2010లో ఆమె కన్నుమూసినది. ముద్ద పెట్టుట సులభము. ముప్పదిరెండేండ్లు విసుగక చెప్పుట కష్టము.

ఉపాధ్యాయులారా! ఈ కథతోపాటు పిల్లలకు మరొక మాటయు చెప్పుడు: కుక్క కరచినచో గాయమును సబ్బునీటితో పదునైదు నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. భయము తీరిన చేయి రాయిని వెదకదు.