ఓనరు అప్పు కట్టకపోతే అద్దెకున్నవాళ్ల గతి ఏమిటి?

టౌనులో రెండు గదుల ఇంట్లో ఒకామె అద్దెకు ఉంటోంది అనుకుందాం. కుట్టు మిషను పెట్టుకుంది. భర్త ఆటో నడుపుతాడు. పిల్లలిద్దరూ దగ్గర్లో ఉన్న బడికి పోతారు. నెలనెలా ఐదో తారీకు లోపల అద్దె కడతారు. కరెంటు బిల్లు బాకీ లేదు. గోడకు మేకు కొట్టాలన్నా ఓనరమ్మను అడిగే కొడతారు.

ఒకరోజు పొద్దున వాకిలి ఊడుస్తుంటే గేటుకు ఒక కాగితం అంటించి కనబడింది. పైన బ్యాంకు పేరు ఉంది. ఓనరు పేరు ఉంది. ఇంటి నంబరు ఉంది. ఈ ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకుంది అని రాసి ఉంది. ఆమె మెట్లెక్కి పైకి పోయింది.

"పిన్నిగారూ, గేటుకు ఏదో కాగితం అంటించారు. ఏమిటది?"

"ఏం లేదులేమ్మా. నువ్వు కంగారు పడకు. మీ బాబాయిగారు బ్యాంకుకు పోయి మాట్లాడతారు" అంది ఓనరమ్మ.

కంగారు పడొద్దన్నమాట మంచిదే. కానీ ఆ కాగితాన్ని చదవకుండా వదిలేయకూడదు. అప్పు ఆమె తీసుకోలేదు. ఆమె ఎవరికీ ఒక్క రూపాయి ఎగ్గొట్టలేదు. అయినా సామాను సర్దుకోవలసిన గతి ఆమెకే పట్టవచ్చు.

బ్యాంకు ఇంటి దాకా ఎలా వస్తుంది?

పొదుపు సంఘంలో ఉన్నవాళ్లకు కిస్తీ అంటే తెలుసు. ఓనరు కూడా అలాగే ఇల్లు కట్టడానికో, వ్యాపారానికో బ్యాంకులో అప్పు తీసుకుంటాడు. ఇంటి దస్తావేజులు బ్యాంకులో పెడతాడు. ఇదే తాకట్టు. బంగారం తాకట్టు పెడితే నగ బ్యాంకు బీరువాలోకి పోతుంది. ఇల్లు తాకట్టు పెడితే ఇల్లు ఎక్కడికీ పోదు. ఓనరు అందులోనే కాపురం ఉంటాడు. ఒక వాటా అద్దెకూ ఇస్తాడు. అందుకే బయటివాళ్లకు సంగతి తెలియదు.

వాయిదా తప్పి 90 రోజులు దాటితే బ్యాంకు ఆ అప్పును మొండి బాకీ కింద రాసుకుంటుంది. ఆ తర్వాత జరిగేదంతా 2002లో వచ్చిన ఒక చట్టం ప్రకారం జరుగుతుంది. దాని పేరు సర్ఫేసీ చట్టం. పేరు నోరు తిరగకపోయినా గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే నోటీసులో ఈ పేరే ఉంటుంది. ఈ చట్టం వల్ల బ్యాంకు దావా వేసి తీర్పు కోసం కూర్చోనక్కర్లేదు. తాకట్టులో ఉన్న ఇంటిని తానే స్వాధీనం చేసుకొని వేలం వేయవచ్చు. వ్యవసాయ భూములకు మాత్రం ఇది వర్తించదు.

మొదట ఓనరుకు డిమాండు నోటీసు వస్తుంది. 60 రోజుల లోపల మొత్తం బాకీ కట్టమని అందులో ఉంటుంది. ఈ నోటీసు అద్దెకున్నవాళ్లకు రాదు. ఓనరు సాధారణంగా చెప్పడు. చెప్పాలంటే సిగ్గు. చెబితే అద్దె ఆపేస్తారని భయం. అలా రెండు నెలలు ఎవరికీ తెలియకుండా గడిచిపోతాయి. అప్పటికీ బాకీ తీరకపోతే బ్యాంకు అధికారి వచ్చి గేటుకో, తలుపుకో స్వాధీన నోటీసు అంటిస్తాడు. 7 రోజుల లోపల దాన్ని రెండు పేపర్లలో వేయించాలి. ఒకటి స్థానిక భాష పేపరు కావాలి.

తెలుగు పేపర్లలో గళ్లుగళ్లుగా, చీమల బారులాంటి అక్షరాలతో ఈ ప్రకటనలు వస్తుంటాయి. చాలామంది పేజీ తిప్పేస్తారు. చదువు వచ్చినవాళ్లు కూడా చూడరు. కానీ అవి చదవడం అంత కష్టమేమీ కాదు. 'రుణగ్రహీత' అంటే అప్పు తీసుకున్నవాడు. 'హామీదారు' అంటే పూచీ ఉన్నవాడు. 'స్థిరాస్తి' అంటే ఇల్లు, స్థలం లాంటివి. కింద ఇంటి నంబరు, ఎన్ని గజాలు, తూర్పున ఎవరి ఇల్లు, పడమర ఏ రోడ్డు అని హద్దులు ఉంటాయి. డిమాండు నోటీసు ఇచ్చిన తారీకు కూడా ఉంటుంది. ఆ తారీకును ఒక కాగితం మీద రాసిపెట్టుకోవాలి. దానితో పని ఉంది.

నోటీసు అంటించిన రోజే ఎవరినీ వీధిలోకి నెట్టరు. అది కాగితం మీద స్వాధీనమే. లోపల మనుషులుండి మేం వెళ్లం అంటే, బ్యాంకు తనంతట తాను తలుపు పగలగొట్టకూడదు. జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరు గారికి, లేదా కోర్టులో చీఫ్ మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టుకోవాలి. ఉత్తర్వు వచ్చాక అధికారి గానీ, కోర్టు పంపిన వకీలు గానీ పోలీసులతో వస్తారు. ఈలోగా ఎవరో నలుగురు మోటారు సైకిళ్ల మీద వచ్చి, "సాయంత్రంలోగా ఖాళీ చెయ్యాలి, లేకపోతే సామాను రోడ్డు మీద ఉంటుంది" అని బెదిరిస్తే, "ఉత్తర్వు చూపించండి" అని అడగాలి. ఉత్తర్వు లేనివాళ్లకు తలుపు తీయనక్కర్లేదు. వేలం వేయడానికి కూడా మొదటిసారి 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి.

మూడు తారీకులు

అద్దెకున్నవాళ్లకు హక్కు ఉందా లేదా అన్నది మూడు తారీకుల మీద ఆధారపడి ఉంటుంది. ఇల్లు తాకట్టు పెట్టిన తారీకు ఒకటి. డిమాండు నోటీసు తారీకు ఒకటి. అద్దెకు దిగిన తారీకు ఒకటి.

ఓనరు 2019లో ఇల్లు తాకట్టు పెట్టాడు, 2024 జూన్‌లో డిమాండు నోటీసు వచ్చింది అనుకుందాం. కుట్టు మిషను ఆమె 2017లోనే ఆ ఇంట్లో దిగి ఉంటే ఆమె పరిస్థితి మెరుగు. తాకట్టు కన్నా ముందునుంచీ చట్ట ప్రకారం అద్దెకున్నవాళ్లను బ్యాంకు ఊరికే లేపేయడానికి వీల్లేదు. అద్దె ఒప్పందం గడువు తీరేదాకా ఉండవచ్చు. ఈ మాట సుప్రీం కోర్టు 2014లో చెప్పింది.

2021లో దిగి ఉంటే, అంటే తాకట్టు తర్వాత, నోటీసుకు ముందు దిగితే, కథ వేరు. అప్పుడు బ్యాంకుకూ ఓనరుకూ మధ్య ఉన్న తాకట్టు పత్రం చూడాలి. బ్యాంకును అడగకుండా అద్దెకు ఇవ్వరాదు అని అందులో షరతు ఉందనుకోండి. ఓనరు అడగకుండా ఇస్తే ఆ అద్దె నిలవదు. పాపం, ఆ పత్రం ఆమె కంటికి ఎన్నడూ పడి ఉండదు. అయినా నష్టం ఆమెకే. ఇది న్యాయంగా లేదు, కానీ చట్టం అలాగే ఉంది.

డిమాండు నోటీసు వచ్చాక, అంటే 2024 జూన్ తర్వాత దిగి ఉంటే, హక్కు దాదాపు లేనట్టే. నోటీసు అందాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఓనరు ఇల్లు అమ్మకూడదు, అద్దెకూ ఇవ్వకూడదు. కొందరు ఓనర్లు సరిగ్గా అప్పుడే పెద్ద అడ్వాన్సు తీసుకొని కొత్తవాళ్లను దింపుతారు. తక్కువ అద్దెకు మంచి ఇల్లు దొరికిందని సంబరపడేవాళ్లు ఇక్కడే మోసపోతారు.

ఇంకో చిక్కు ఉంది. మన దగ్గర చాలామంది నోటిమాట మీదే ఇంట్లో దిగుతారు. లేకపోతే స్టాంపు కాగితం మీద 11 నెలలకు రాసుకుంటారు. ఏడాదికి మించిన అద్దె ఒప్పందం రిజిస్టరు చేస్తేనే చెల్లుతుంది. 11 నెలలని రాసుకునేది రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకోవడానికే. నోటిమాట అద్దెకు గానీ, రిజిస్టరు కాని కాగితానికి గానీ చట్టం ఒక్క ఏడాదికి మించి ఆసరా ఇవ్వదు అని 2019లో సుప్రీం కోర్టు అంది. పదేళ్లుగా ఉంటున్నాం అన్నంత మాత్రాన చాలదు.

అందుకని రుజువులు కూడబెట్టుకోవాలి. అద్దె చేతికి ఇస్తే రసీదు రాయించుకోవాలి. ఓనరు రసీదు ఇవ్వనంటే ఫోనులో గానీ, బ్యాంకు ఖాతాలో గానీ వేయాలి. తారీకుతో సహా లెక్క మిగిలిపోతుంది. ఆ చిరునామాతో ఉన్న గ్యాసు బుక్కు, ఆధార్ కార్డు, పిల్లల బడి కాగితాలు, పోస్టులో వచ్చిన కవర్లు, ఏదీ పారేయకూడదు. ఇవి ఎప్పటినుంచి ఆ ఇంట్లో ఉన్నారో చెబుతాయి.

ఎక్కడికి పోవాలి?

2002లో చట్టం చేసినప్పుడు అద్దెకున్నవాళ్ల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. 2016లో చట్టాన్ని సవరించారు. అప్పటినుంచి అద్దెదారు కూడా అప్పుల వసూలు ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టవచ్చు. ట్రిబ్యునల్ అంటే ఒక రకం కోర్టే. ఇది హైదరాబాదులో ఉంది, విశాఖపట్నంలో ఉంది. ఏ ఊరివాళ్లు ఎక్కడికి పోవాలో వకీలు చెబుతారు. మామూలు సివిల్ కోర్టులో బ్యాంకు మీద కేసు వేస్తే తీసుకోరు. గడువు 45 రోజులే. ఓనరు మాట్లాడతాడులే అని రెండు నెలలు ఎదురుచూస్తే ఆ గడువు కాస్తా పోతుంది.

ట్రిబ్యునల్‌లో ముందుగా చూసేది ఆ మూడు తారీకులే. అద్దె ఒప్పందం గడువు అయిపోయిందా, తాకట్టు షరతులకు వ్యతిరేకమా అని కూడా చూస్తారు.

హక్కు గట్టిగా లేనివాళ్లు కూడా ఊరుకోనక్కర్లేదు. నోటీసు మీద బ్యాంకు అధికారి పేరు, ఆఫీసు చిరునామా ఉంటాయి. ఆయనకు ఒక ఉత్తరం రాయాలి. ఫలానా ఇంట్లో ఇన్నేళ్లుగా అద్దెకు ఉంటున్నాం, పిల్లల పరీక్షలు అయ్యేదాకా గడువు ఇవ్వండి అని రాసి, స్పీడ్ పోస్టులో పంపాలి. నకలు, పోస్టు రసీదు దాచుకోవాలి. కొన్నిసార్లు బ్యాంకు నెలో రెండు నెలలో ఆగుతుంది. గొడవ లేకుండా ఇల్లు చేతికొస్తే బ్యాంకుకూ లాభమే కదా.

అమెరికాలో 2008 ప్రాంతంలో లక్షల ఇళ్లు ఇలాగే బ్యాంకుల పాలయ్యాయి. వాటిలో అద్దె ఇళ్లూ ఉన్నాయి. అక్కడి ప్రభుత్వం 2009లో ఒక చట్టం చేసింది. ఇల్లు చేతులు మారినా అద్దెకున్నవాళ్లకు కనీసం 90 రోజుల గడువు ఇవ్వాలని అందులో ఉంది. మధ్యలో ఆగిపోయిన ఆ చట్టాన్ని 2018లో శాశ్వతం చేశారు. మన చట్టంలో అద్దెకున్నవాళ్లకు అలా ఇన్ని రోజులు అని రాసిలేదు. ఉండి ఉంటే బాగుండేది.

అద్దె మాటేమిటి? అడ్వాన్సు మాటేమిటి?

నోటీసు చూడగానే కొందరు అద్దె ఆపేస్తారు. అది పొరపాటు. అద్దె బాకీ పడితే అదే సాకుగా ఖాళీ చేయమంటారు. ఒకవేళ అద్దె ఇకమీదట మాకు కట్టండి అని బ్యాంకు రాతపూర్వకంగా అడిగితే, ఆ కాగితం వకీలుకు చూపించి, ఆ తర్వాత ఎవరికి కట్టాలో తేల్చుకోవాలి. ఎవరికి కట్టినా రసీదు ఉండాలి.

అడ్వాన్సు సంగతి మరీ బాధ. అది తీసుకున్నది ఓనరు. బ్యాంకు దానికి పూచీ పడదు. వేలంలో ఇల్లు కొన్నవాడు కూడా నాకేం సంబంధం అంటాడు. ఓనరు మీద సివిల్ కోర్టుకు పోవచ్చు. కానీ ఇల్లే పోగొట్టుకున్నవాడి దగ్గర వసూలు చేయడం మాటలు కాదు. నెల అద్దె లేకుండా ఒకేసారి మూడు లక్షలో, ఐదు లక్షలో ఇచ్చి లీజుకు దిగేవాళ్లకు ఇంకా ప్రమాదం. బెంగుళూరులో దీన్ని భోగ్యం అంటారు. అక్కడ పనులకు పోయిన మనవాళ్లు కూడా ఇలాంటి ఇళ్లలో దిగుతుంటారు. తాకట్టులో ఉన్న ఇంటికి ఓనరు అద్దె ముందుగా వసూలు చేసుకోకూడదని చట్టం. అందువల్ల అలాంటి లీజు బ్యాంకు ముందు నిలవడం కష్టం.

దిగేముందే అడగడం మేలు. "అక్కా, ఇంటి మీద లోను ఏమన్నా ఉందా? కిస్తీలు సక్రమంగా పోతున్నాయా?" అంటే తప్పులేదు. లోను ఉన్నంత మాత్రాన చెడ్డ ఇల్లు కాదు. కొత్త ఇళ్లలో చాలావాటికి లోను ఉంటుంది. పెద్ద మొత్తం ఇచ్చేటట్టయితే మాత్రం మీసేవలో గానీ, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో గానీ ఇంటి ఈసీ తీయించాలి. రిజిస్టరైన తాకట్టు ఉంటే అందులో కనబడుతుంది. దస్తావేజులు ఊరికే బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పు ఈసీలో కనబడకపోవచ్చు. అందుకని అసలు దస్తావేజు చూపించమని కూడా అడగాలి. అసలు కాగితం ఇంట్లో లేదు, జిరాక్సే ఉంది అంటే, అసలు ఎక్కడుందో తెలుసుకోవాలి.

వకీలుకు డబ్బు లేదని ఆగిపోవద్దు. ఆడవాళ్లకు, ఆదాయం ఎంతున్నా సరే, ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు. పోయేటప్పుడు గేటుకు అంటించిన నోటీసు నకలు, అద్దె కాగితం, రసీదులు, ఆధార్ కార్డు తీసుకుపోవాలి. నోటీసును గేటు మీదనుంచి పీకేయకూడదు. ఫోనుతో ఫోటో తీసుకోవాలి, లేదా నోటుబుక్కులో తారీకులతో సహా ఎక్కించుకోవాలి.