నాలుగడుగుల దూరం, నాలుగు వందల కిలోమీటర్ల ప్రయాణం

కాకినాడ నుంచి బెంగళూరు వెళ్లే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ కోసం రాత్రివేళ చీరాల స్టేషన్‌లో నిలబడితే ఎక్స్‌రే ఫిల్ములు, పాత మందుల చీటీలు నింపిన ప్లాస్టిక్ సంచులతో కొందరు కనిపిస్తారు. తెల్లవారాక వారిలో చాలామంది కాట్పాడిలో దిగి వేలూరు ఆసుపత్రికి వెళ్తారు. మా పెద్దలు ఆ ఊరిని ఇప్పటికీ రాయవేలూరు అనే పిలుస్తారు. దాదాపు నాలుగు వందల కిలోమీటర్ల దూరం. గుంటూరు, ఒంగోలు, విజయవాడ పట్టణాల్లో వీధివీధికీ ఆసుపత్రి బోర్డులు వెలుగుతున్న ఈ కాలంలో ఇంత దూరం ఎందుకు వెళ్తున్నారని ఒకసారి పక్కనే కూర్చున్న ఒక పెద్దావిడను అడిగాను. ‘ఆడైతే మనిషిలాగా చూత్తారు బాబూ’ అన్నది. ఆమె చెప్పిన జవాబు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మంచి వైద్యుడి కోసం దూరం వెళ్లడానికి సాధారణంగా రెండు కారణాలు చెబుతుంటారు. నిపుణులు నగరాల్లోనే ఉన్నారన్నది ఒకటి, ఫలానా చోట ఖర్చు తక్కువన్నది మరొకటి. రెండూ నిజమే. కానీ ఈ రెండూ చెప్పని మూడో కారణం ఒకటుంది. దగ్గరి పట్టణంలో మనం ఎవరమో తెలుసు. దూరపు ఊరిలో తెలియదు. కులం తెలిసిన చోటు నుంచి కులం అడగని చోటికి చేసే ప్రయాణమది. దాన్ని వైద్య పర్యాటకం అనే మాటలో ఇమిడ్చి చెప్పడం కుదరదు.

అంబేడ్కర్ తన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఒక సంఘటన నమోదు చేశారు. కాఠియావాడ్‌కు చెందిన ఒక అస్పృశ్య ఉపాధ్యాయుడు రాసిన లేఖ 1929 డిసెంబరు 12న గాంధీ పత్రిక ‘యంగ్ ఇండియా’లో అచ్చయింది. అతని భార్య ప్రసవించిన రెండు రోజులకు జబ్బుపడింది. ఊరి పెద్దలు బతిమాలితే, రెండు రూపాయల ఫీజుకు హామీ ఇస్తే, వాడ బయటే చూస్తానన్న షరతుతో వైద్యుడు వచ్చాడు. రోగిని ముట్టుకోలేదు. థర్మామీటరును ఒక ముస్లిం చేతికిచ్చాడు. అతను భర్తకిచ్చాడు, భర్త భార్యకు పెట్టాడు. అదే వరుసలో అది తిరిగి వైద్యుడి దగ్గరకు చేరింది. దీపం వెలుగులో దాన్ని చూసి న్యుమోనియా అని చెప్పి వెళ్లిపోయాడు. తర్వాత మందు పంపాడు. ఆమె బతకలేదు.

ఆ రాత్రి వైద్యుడికీ రోగికీ మధ్య ఉన్న దూరం నాలుగడుగులకు మించదు. ఊళ్లోనే వైద్యుడున్నాడు, థర్మామీటరు ఉంది, మందు ఉంది. లేనిది స్పర్శ ఒక్కటే. మన ఆరోగ్య విధానాలు దూరాన్ని కిలోమీటర్లలో కొలుస్తాయి. ఇన్ని గ్రామాలకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఇన్ని లక్షల మందికి ఒక బోధనాసుపత్రి అని లెక్క వేస్తాయి. ఆ నాలుగడుగుల దూరాన్ని కొలిచే కొలబద్ద మాత్రం ఏ శాఖ దగ్గరా లేదు.

అదంతా గతమని అనేవారున్నారు. సుఖదేవ్ థోరట్, ఘనశ్యామ్ షా తదితరులు 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాల్లో జరిపిన అంటరానితనం అధ్యయనం 2006లో పుస్తకంగా వచ్చింది. మూడింట ఒక వంతు గ్రామాల్లో ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లకు వెళ్లడానికి నిరాకరిస్తున్నట్లు అందులో తేలింది. ఇరవయ్యో శతాబ్దపు ఆరంభంలో కాదు, రాజ్యాంగంలోని 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసిన అర్ధ శతాబ్దం తర్వాతి మాట ఇది.

పట్టణాల్లో అంటరానితనం ఇంత బాహాటంగా కనిపించదు. ఒక చిన్న ప్రశ్నలో దాక్కుంటుంది. మా నాన్న వ్యవసాయ కూలీ. కాళ్లు వాచి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతున్నప్పుడు జిల్లాలో పేరున్న ఒక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాను. ఊరి పేరు చెప్పగానే ఆయన ‘ఊరా, పల్లెనా?’ అని అడిగారు. కోస్తాలో ఆ ప్రశ్నకు అర్థమేమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. నాన్న ‘పల్లెనండి’ అన్నారు. ఆ తర్వాత ఆయన నాన్నతో మాట్లాడలేదు, నాతోనే మాట్లాడారు. స్టెతస్కోపు మెడలోనే ఉండిపోయింది. పరీక్షల జాబితా మాత్రం పొడుగ్గా రాశారు. ఇదంతా కులం వల్లనే జరిగిందని నేను న్యాయస్థానంలో రుజువు చేయలేను. ఆయనకు ఆ రోజు తీరిక లేకపోయి ఉండవచ్చు. కానీ తీరిక లేకపోవడానికీ తక్కువ చేసి చూడడానికీ తేడా ఏమిటో నాన్నకు ఆయన జీవితమంతా నేర్పింది. ‘ఇక్కడికి మళ్లీ వద్దురా’ అన్నారు.

వేలూరులో నాన్నకు ఒక ఆసుపత్రి నంబరు ఇచ్చారు. మా ముందు వరుసలో బెంగాల్ వ్యాపారి, మా వెనుక చిత్తూరు రైతు. అందరికీ ఒకే బెంచీ, ఒకే ఎదురుచూపు. సగం రోజు గడిచాక వచ్చిన యువ వైద్యుడు నాన్న పాదాన్ని చేతుల్లోకి తీసుకుని, బొటనవేలితో నొక్కి, గుంట ఎంతసేపు నిలుస్తుందో చూశాడు. వాపు పరీక్షలో అది తొలి పాఠం. వైద్య విద్యార్థి ఎవరైనా చేసేదే. నాన్న మాత్రం ఆ సంగతిని ఊళ్లో ఏడాదిపాటు చెప్పుకున్నారు. ఆ తర్వాత మూడేళ్లు బతికారు. జబ్బు పూర్తిగా నయం కాలేదు. కానీ తన ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకుని బతికారు.

ఆ ఆసుపత్రి కులం లేని ద్వీపమని నేను అనడం లేదు. మన దేశంలో అలాంటి ద్వీపాలు లేవు. దాని పుట్టుక కథలోనే కులం ఉంది. ఒకే రాత్రి ప్రసవ వేదన పడుతున్న ముగ్గురు స్త్రీల ఇళ్ల నుంచి మనుషులు వచ్చి, పురుష వైద్యుడు తమ స్త్రీలను తాకరాదని వెనుదిరిగారని, ఆ ముగ్గురూ చనిపోయారని, దానితోనే తాను వైద్యవృత్తి ఎంచుకున్నానని ఐడా స్కడర్ చెప్పుకున్నారు. 1900లో ఒకే మంచంతో ఆమె వేలూరులో పని మొదలుపెట్టారు. తెలుగు నేలపైనా అటువంటి చరిత్ర ఉంది. 1883లో గుంటూరు వచ్చిన అన్నా కుగ్లర్ 1898లో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచారు. మా అమ్మమ్మల తరానికి నమ్మకమైన వైద్యం బండి ప్రయాణమంత దూరంలో ఉండేది. తర్వాతి కాలంలో మిషన్ ఆసుపత్రులు చాలాచోట్ల క్షీణించాయి. ప్రభుత్వాసుపత్రులు నిధులకు ముఖం వాచాయి. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పేదలకు కార్పొరేట్ తలుపులు తెరిచిన మాట నిజం. అయితే అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు డబ్బు చెల్లించే ఏర్పాటు. నమ్మకాన్ని కొనిపెట్టే ఏర్పాటు కాదు.

నమ్మకం ఎలా ఏర్పడుతుందో గమనించండి. అగ్రకుల కుటుంబంలో ఎవరికైనా గుండెనొప్పి వస్తే ముందుగా మోగేది ఫోను. బావమరిది కొడుకో, వియ్యంకుడి తమ్ముడో ఎక్కడో ఒకచోట డాక్టరై ఉంటాడు. ఎవరి దగ్గరకు వెళ్లాలో, ఏ పరీక్ష అనవసరమో అతను చెబుతాడు. ఆ ఒక్క ఫోను తరతరాల చదువు, భూమి, బంధుత్వాలు కలిసి కూడబెట్టిన ఆస్తి. ఆ ఆస్తి లేని వాడలో, వెళ్లివచ్చి బతికిన పొరుగువాడే సలహాదారు. అందుకే ఒకడు వేలూరు వెళ్లి బాగుపడితే పల్లె మొత్తం వేలూరు దారి పడుతుంది.

ఆ దారి కూడా అందరికీ లేదు. తోడు వెళ్లే మనిషి కూలి పోతుంది, లాడ్జి అద్దె కట్టాలి, తమిళం రాకపోతే అడుగడుగునా మరొకరిపై ఆధారపడాలి. కొడుకు ఉద్యోగస్థుడు కాబట్టి మా నాన్న వెళ్లగలిగారు. మా పక్కింటి ఒంటరి స్త్రీ వెళ్లలేకపోయింది. పాడేరు ఏజెన్సీలో గర్భిణిని డోలీలో మోసుకెళ్లే ఆదివాసీకి రైలు మాట దేవుడెరుగు, తారురోడ్డు చేరడమే ఒక గండం. దూరప్రయాణం దళితుల్లోనూ కొందరికే దక్కిన అవకాశమని ఒప్పుకోవాలి.

మరి మనకు నమ్మకమైన నిపుణులు మనలోంచి ఎందుకు రావడం లేదు? ఇందిరా సహానీ కేసులో 1992లో మండల్ రిజర్వేషన్లను సమర్థించిన సుప్రీంకోర్టే, వైద్యరంగపు సూపర్ స్పెషాలిటీల్లో రిజర్వేషన్ తగదని అభిప్రాయపడింది. గుండె, మూత్రపిండాలు, మెదడు వంటి అవయవాల నిపుణులను తయారుచేసే డీఎం, ఎంసీహెచ్ సీట్లలో జాతీయ స్థాయిలో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ నేటికీ లేదు. అంటే మనం రైలెక్కి వెతుక్కుంటూ వెళ్లే ఆ ‘స్పెషలిస్టు’ అనే మెట్టు దగ్గరే సామాజిక న్యాయం ఆగిపోయింది. అంతకు కింది మెట్లు ఎక్కినవారిని ‘కోటా డాక్టరు’ అన్న ఈసడింపు వెంటాడుతుంది. 2019 మే నెలలో ముంబైలో ప్రాణం తీసుకున్న ఆదివాసీ పీజీ వైద్య విద్యార్థిని పాయల్ తడ్వీని గుర్తు చేసుకోండి. రోగిని తాకడానికి వెనుకాడే సమాజమే, తాకడానికి సిద్ధపడిన వైద్యురాలినీ నమ్మదు.

కాబట్టి చేయవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. పెద్దాసుపత్రికి పంపిన ప్రతి పేద రోగికీ, తోడు వెళ్లినవారికీ ప్రయాణ ఖర్చు, పోయిన కూలి చెల్లించాలి. ఓపీ వైద్యాన్ని పథకాల పరిధిలోకి పూర్తిగా తేవాలి. జిల్లా బోధనాసుపత్రుల్లో నిపుణుల ఖాళీలు నింపాలి. ఎవరు ఎక్కడ చికిత్స పొందుతున్నారో, ఎవరు మధ్యలో మానేస్తున్నారో కులాలవారీగా లెక్క తీసి బయటపెట్టాలి. సూపర్ స్పెషాలిటీ సీట్లపై పార్లమెంటు మళ్లీ ఆలోచించాలి. వైద్య విద్యార్థులకు శరీర నిర్మాణంతో పాటు సమాజ నిర్మాణమూ పాఠంగా చెప్పాలి.

చీరాల స్టేషన్‌లో ఆ పెద్దావిడ కోరింది ప్రపంచస్థాయి వైద్యం కాదు. నాడి పట్టుకుని, ముఖంలోకి చూసి, ఏమైందమ్మా అని అడిగే ఒక మనిషిని. అటువంటి మనిషి ఆమెకు ఒంగోలులోనే దొరికిన రోజున ఆ రైలులో ఒక బెర్తు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ బెర్తునే మన ఆరోగ్య శాఖ సాధించిన ప్రగతిగా నేను లెక్కేస్తాను.