అల్మారా తాళం ఎవరి దగ్గర?

సర్కారు బడిలో కథల పుస్తకాలు ఎక్కడున్నాయని అడగండి. చాలాచోట్ల హెచ్‌ఎం గదిలోని ఇనుప అల్మారా చూపిస్తారు. దానికి తాళం ఉంటుంది. తాళంచెవి ఒక సారు దగ్గరుంటుంది. ఆ సారు ఆ రోజు ట్రైనింగ్‌కు పోయి ఉంటారు. లోపల పుస్తకాలు అంచు నలగకుండా భద్రంగా ఉంటాయి. స్టాక్ రిజిస్టర్ లెక్కలో ఒక్కటీ తగ్గదు. చదివినవాళ్లే కనిపించరు.

ఇందులో సార్ల పిసినారితనం ఏమీ లేదు. పుస్తకం పోతే ఆడిట్‌లో జవాబు ఎవరు చెప్పాలి, ఎవరి జేబులోంచి కట్టాలి అన్నదే భయం. పుస్తకం చేతులు మారితే ఒకటీ అరా పోతాయని సర్కారు నియమాలు రాసినవాళ్లకూ తెలుసు. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ (2017)లోని 215వ నిబంధన ఆ మాటే చెబుతుంది. ఏడాదిలో వెయ్యి పుస్తకాలు పాఠకుల చేతుల్లోకి వెళ్తే అయిదు పోవడాన్ని సహజంగానే భావించవచ్చు. మోసం, నిర్లక్ష్యం లేకపోతే చాలు. అది కేంద్ర సంస్థలకు రాసిన నిబంధన. ఇలాంటి భరోసా జిల్లా విద్యాధికారి సంతకంతో ప్రతి బడికీ అందితే సగం అల్మారాలు మరునాడే తెరుచుకుంటాయి.

మిగతా సగం సంగతి తాళం తీసినా తేలదు. ఎందుకంటే ఆ పుస్తకాలు అందరు పిల్లలకూ అందేవి కావు.

ఒకే బడి, ఎన్నో ఇళ్లు

44, 63 నంబర్ల జాతీయ రహదారులు కలిసే నిజామాబాద్ జిల్లా ఆర్మూర్‌నే చూడండి. దాన్ని బయటివాళ్లు పసుపుతో, ఎర్రజొన్నతో, నవనాథ సిద్ధుల గుట్టతో గుర్తుపడతారు. బడి హాజరుపట్టీ తీస్తే ఇంకో ఆర్మూర్ కనిపిస్తుంది. నాన్న దుబాయ్‌లో ఉంటే నానమ్మ దగ్గర పెరిగే పిల్లాడు ఒకడు. అమ్మ బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని హోంవర్క్ చేసే పిల్ల ఇంకొకతె. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, పాఠ్యపుస్తకంలో ఇంగ్లిష్ చదివేవాళ్లు కొందరు. లంబాడీ తండా నుంచి వచ్చేవాళ్లు కొందరు. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టే నెలల్లో బడికి తక్కువగా, కళ్లానికి ఎక్కువగా పోయేవాళ్లూ ఉంటారు. చూపు తక్కువైనవాళ్లు, వినిపించనివాళ్లు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు, అసలు ఇల్లు దాటలేనివాళ్లు కూడా ఆ హాజరుపట్టీలోనే ఉంటారు.

చట్టం వీళ్లందరినీ లెక్కలోకి తీసుకుంది. విద్యా హక్కు చట్టం (2009) షెడ్యూల్ ప్రకారం ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలి. అందులో పత్రికలు, అన్ని సబ్జెక్టుల పుస్తకాలు, కథల పుస్తకాలు ఉండాలి. బడిలోకి రావడానికి ఏ అడ్డంకీ ఉండకూడదని అదే షెడ్యూల్ చెబుతుంది. దివ్యాంగుల హక్కుల చట్టం (2016) ఇంకో అడుగు వేసింది. నిర్దిష్ట స్థాయి వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్లు వచ్చేదాకా పుస్తకాలు, తగిన పరికరాలు ఉచితంగా ఇవ్వాలంది.

వేల్పూర్ చేసిన లెక్క

పేరుపేరునా పిల్లలను లెక్కించడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఆర్మూర్ పక్కనున్న వేల్పూర్ మండలంలో 2001లో అప్పటి కలెక్టర్ జి.అశోక్ కుమార్ హయాంలో బాలకార్మిక నిర్మూలన ఉద్యమం నడిచింది. ఊరూరా తిరిగి బడి బయట ఉన్న పిల్లల జాబితా రాశారు. సర్పంచులు ఒప్పందాలపై సంతకాలు చేశారు. అప్పు కింద పిల్లలను పనిలో పెట్టుకున్న యజమానులు నలుగురి ముందు ఆ బాకీలు వదులుకున్నారు. అలా మాఫీ అయిన మొత్తం సుమారు 35 లక్షల రూపాయలు. అదే ఏడాది అక్టోబరు 2న వేల్పూర్‌ను బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ దాకా ఆ పేరు వెళ్లింది.

బడి గ్రంథాలయానికీ అదే వరస పనికొస్తుంది. ముందు పిల్లల జాబితా, తర్వాతే పుస్తకాల జాబితా. ఇప్పుడు జరుగుతున్నది తలకిందులు. పైనుంచి పుస్తకాల కట్ట వస్తుంది, ఎవరికి పనికొస్తే వాళ్లు చదువుకోవాలి.

గడప దగ్గరే మొదలు

జాబితా చేతిలో ఉంటే గది ఎలా ఉండాలో అదే చెబుతుంది. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలన్నది మన దేశపు ప్రమాణం. అంటే గడప అడుగు ఎత్తుంటే ర్యాంపు 12 అడుగులు సాగాలి. మూడడుగుల సిమెంటు జారుడుబల్ల పోసి ర్యాంపు అంటే కుదరదు. తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లకు తగ్గకూడదు. చక్రాల కుర్చీ తిరగడానికి మీటరున్నర ఖాళీ కావాలి. కాబట్టి ర్యాకులు గోడల వెంబడి, ఒకటో తరగతి పిల్లకు అందే ఎత్తులో ఉండాలి. ఈ మార్పుల్లో చాలావాటికి మేస్త్రీ ముందే కావాలి. గది కట్టేశాక సరిచేయాలంటే ఖర్చు పెరుగుతుంది.

బ్రెయిలీ పుస్తకాన్ని చేత్తో పట్టుకుంటే ర్యాకు లోతు ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. దళసరి కాగితం, పెద్ద పేజీ, పైకి ఉబికిన చుక్కలు. పలచటి అచ్చు పుస్తకం బ్రెయిలీలోకి వచ్చేసరికి లావెక్కుతుంది, పెద్దదైతే రెండు మూడు సంపుటాలవుతుంది. ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే చుక్కలు అణిగిపోతాయి. నిలబెట్టాలి, అదీ ఒత్తుగా కాదు.

బ్రెయిలీ దొరక్కపోతే చెవి ఉంది. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ప్రకారం, దివ్యాంగుల కోసం పుస్తకాన్ని వాళ్లు చదవగలిగే రూపంలోకి మార్చడానికి రచయిత అనుమతి అక్కర్లేదు. పదో తరగతి పిల్ల కథ చదివి ఫోన్‌లో రికార్డు చేసి, చూపు లేని తమ్ముడికి వినిపించవచ్చు. ఈ వెసులుబాటును ప్రపంచమంతా విస్తరించిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో మొట్టమొదట ఆమోదించిన దేశం మనదే. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం కూడా ఇలాంటి చదువరుల కోసమే.

ఇల్లు దాటలేని పిల్లల సంగతికి పాత పాఠం ఒకటుంది. 1935లో కృష్ణా కాలువల మీద గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం పడవలో పుస్తకాలు పంపారు. ఆర్మూర్‌లో పడవ అక్కర్లేదు. దివ్యాంగ పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల టీచర్లు (ఐఈఆర్‌పీలు) అలాంటి పిల్లల ఇళ్లకు ఎలాగూ వెళ్తుంటారు. వాళ్ల సంచిలో నాలుగు కథల పుస్తకాలు పెట్టి పంపితే చాలు.

తమ ఇల్లు కనిపించే కథ

హైదరాబాద్‌కు చెందిన అన్వేషి పరిశోధన కేంద్రం 2008లో ‘డిఫరెంట్ టేల్స్’ పేరుతో పిల్లల పుస్తకాలు తెచ్చింది. దళిత, ముస్లిం ఇళ్ల పిల్లలు వాటిలో పక్కపాత్రలుగా కాక కథానాయకులుగా కనిపిస్తారు. గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు వంటివాళ్లు వాటికి రాశారు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండీ కథలు ఉచితంగా దొరుకుతాయి. ప్రింటు తీసుకోవచ్చు, కొత్తగా అనువదించనూ వచ్చు. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం చిన్నపిల్లల పుస్తకాలను అందుబాటు ధరకే ఇస్తోంది.

కొనాల్సినవే కాదు, తయారు చేసుకునేవీ ఉన్నాయి. ఎండిన పసుపు కొమ్ము, గోనెసంచి ముక్క, జొన్నగింజలు అట్టల మీద అతికించి, కింద పెద్ద అక్షరాలతో రాస్తే తాకి చదివే పుస్తకం అవుతుంది. తండా నానమ్మ చెప్పే కథను లంబాడీలోనే, తెలుగు లిపిలో రాయించవచ్చు.

పైసలు, పట్టుదల

సమగ్ర శిక్ష కింద బడి స్థాయిని బట్టి ఏటా 5 వేల నుంచి 20 వేల రూపాయల దాకా గ్రంథాలయ గ్రాంటు ఉంది. అది పుస్తకాలకే సరి, గదికి చాలదు. 2022 మార్చిలో అప్పటి తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన ‘మన ఊరు - మన బడి’ 26,065 బడుల కోసం 7,289 కోట్లు అనుకుంది. అందులోని 12 రకాల పనుల్లో మరుగుదొడ్లు, ప్రహరీ, వంటగది, డిజిటల్ బోధన ఉన్నాయి. గ్రంథాలయం లేదు. దానికి నెల ముందే ‘రీడ్’ పేరుతో వంద రోజుల పఠన కార్యక్రమం పెట్టింది కూడా ఆ ప్రభుత్వమే.

ఊళ్లోనే ఇంకో దారి ఉంది. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు సెస్సుగా జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. పసుపు మిల్లు యజమాని నుంచి అద్దె ఇంటి ఓనరు దాకా అందరూ కడుతున్నదే. ఆ సంస్థ పుస్తకాలు బడులకు విడతలవారీగా తిరిగేలా అడగడానికి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు సరైన వేదిక. 2024లో ఏర్పడిన ఈ కమిటీలకు సారథులు పొదుపు సంఘాల మహిళలు. అప్పులు, వాయిదాలు, రిజిస్టర్లు వాళ్లకు కొట్టినపిండి. పుస్తకాల రిజిస్టర్ వాళ్ల చేతికిస్తే ఆడిట్ భయమూ పంచుకున్నట్లవుతుంది.

మొదటి పరీక్ష వేసవి సెలవులే. ఏప్రిల్ చివర్లో బడి మూస్తే మళ్లీ తెరిచేది జూన్ 12న. ఆ యాభై రోజులూ పుస్తకాలు చీకట్లో ఉంటాయి, పిల్లలు ఫోన్లలో ఉంటారు. చివరి పనిదినాన ఒక్కొక్కరికి వాళ్ల భాషలో, వాళ్లు చదవగలిగే రూపంలో రెండేసి పుస్తకాలు రాసుకుని ఇంటికి పంపాలని కమిటీ తీర్మానం చేస్తే సరిపోతుంది. జూన్‌లో ఎన్ని తిరిగొచ్చాయి, ఏవి నలిగొచ్చాయి, ఏవి ఎవరూ అడగలేదు అని చూస్తే వచ్చే ఏడాది గ్రాంటుతో ఏం కొనాలో ఆ రిజిస్టరే చెబుతుంది.