చిన్న పట్టణపు మురుగు, దిగువవారి నది

అనంతగిరి కొండలలో పుట్టిన మూసీనది నల్లగొండ సీమలో ప్రవేశించేవేళకు హైదరాబాదు మురుగును మోసుకొని వస్తున్నదని శ్రోతలకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ నీటితో పైరు పెట్టుకొనే రైతుల ఫిర్యాదు న్యాయమైనదే. అయితే ఈ ప్రసంగంలో మేము మరొక వైపు దృష్టి మరల్చదలచినాము. సోలిపేట వద్ద 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టును దాటి, ఆ నది వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తున్నది. దానికి దిగువను పులిచింతల, ఆ పిమ్మట విజయవాడ ఉన్నవి. అక్కడివారికి మనమూ ఎగువవారమే. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వంటి పట్టణాలు విడిచే మురుగుకు జవాబు చెప్పవలసినది మనమే గదా!

మురుగు వల్ల నదికి కలిగే హాని ఎటువంటిది? మంచినీటిలో ప్రాణవాయువు కరిగి ఉంటుంది. మన ఎండలకు అది లీటరుకు 7 లేక 8 మిల్లీగ్రాములకంటె ఎక్కువ నిలువదు. మురుగులోని మాలిన్యాన్ని తినే సూక్ష్మజీవులు ఈ వాయువును వాడుకొంటవి. అది తరిగిపోతే చేపలు చస్తవి, నీరు కంపు కొడుతుంది. మాలిన్యానికి ఎంత ప్రాణవాయువు కావలెనో కొలిచి, ఆ కొలతను బి.ఓ.డి. అంటారు. ఇండ్ల మురుగులో అది లీటరుకు 200 నుండి 300 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. స్నానానికి తగిన నదీజలంలో 3 మించరాదని ప్రమాణం. ఈ లెక్కన 250 గల ఒక లీటరు మురుగును పలుచన చేయడానికి 80 లీటర్లకు పైగా నిర్మలమైన నీరు కావలె.

వానాకాలంలో ఆ నీరు దొరకవచ్చును. కాని మనది మెట్టసీమ. వేసవిలో దుందుభి వంటి ఏళ్ళలో ఇసుక తేలుతుంది. అప్పుడు ఊరి వాగులో పారేది మురుగు మాత్రమే. కనుక నిండుగా పారే నది ఒడ్డున ఉన్న ఊరికంటె మన పట్టణాలకే శుద్ధి అవసరం ఎక్కువ.

శుద్ధి అనగా నది చేయవలసిన పనిని నదికి చేరకముందే చేయించడం. మురుగులోనికి గాలిని పంపి, సూక్ష్మజీవులు నిండిన బురదను మరల మరల వినియోగించే పద్ధతిని 1914లో మాంచెస్టరు శాస్త్రజ్ఞులు ఆర్డెర్న్, లాకెట్ ప్రకటించినారు. మహానగరాలలోని శుద్ధి కేంద్రాలు అనేకం ఆ పద్ధతిని అనుసరించినవే. కాని దానికి ఎడతెగని విద్యుత్తు, పని నేర్చిన సిబ్బంది కావలె.

చిన్న పట్టణానికి సులభమైన మార్గం మరొకటి కలదు. వరుసగా మూడు గుంటలు త్రవ్వుతారు. లోతైన మొదటి గుంటలో మడ్డి అడుగుకు దిగి, గాలి అక్కరలేని జీవుల వల్ల కుళ్ళి తగ్గిపోతుంది. ఒకటిన్నర మీటరు లోతుగల రెండవదానిలో నాచు సూర్యరశ్మిని గ్రహించి ప్రాణవాయువును విడుస్తుంది. దానితో సూక్ష్మజీవులు మిగిలిన మాలిన్యాన్ని తింటవి. లోతు తక్కువైన మూడవ గుంటలో రోగక్రిములు ఎండకు నశిస్తవి. దీనికి కావలసినవి విశాలమైన స్థలం, ఎండ, కొన్ని దినాల నిలువ. ఎండకు మన జిల్లాలలో కొదువ లేదు. స్థలాన్ని మాత్రం పట్టణం పెరుగకముందే కేటాయించుకోవలె. మొదటి గుంటలోని మడ్డిని కొన్ని సంవత్సరాలకొకసారి తీయించడం మరువరాదు.

అనేక గృహాలకు భూగర్భ మురుగుకాలువలు లేక సెప్టిక్ ట్యాంకులే ఆధారం. వాటిని తోడిన లారీ వాగు ఒడ్డున కుమ్మరించి పోతే, గుంటలు త్రవ్వించినందువల్ల ప్రయోజనం ఉండదు. ఆ మడ్డినీ శుద్ధి కేంద్రానికే చేర్చవలె.

మన పెద్దలు ఒక చెరువు అలుగు మరొక చెరువును నింపేటట్లు గొలుసుకట్టుగా చెరువులను నిర్మించినారు. నేడు మురుగు కూడా ఆ దారినే పోతున్నది. కృష్ణకంటె ముందుగా మన పొరుగు గ్రామపు చెరువును చెరుపుతున్నది. జలకాలుష్య నివారణకు 1974లోనే చట్టం వచ్చినది. మా ఊరి కాలువ ఎక్కడ కలుస్తున్నది, తోడిన లారీ ఎక్కడికి పోతున్నది అని ప్రతి పట్టణంలోని పౌరులు తమ పురపాలక సంఘాన్ని అడిగి తెలుసుకొనడం మంచిది. ఎగువవారిని మనం అడుగుతున్న న్యాయాన్ని దిగువవారికి మనం చేయడానికి అదే మొదటి మెట్టు.