కొర్రన్నం కొండంత, పప్పు గోరంత

"సోమవారం నుంచి అన్నం ముట్టను." మార్కాపురంలో షుగర్ పరీక్ష కాగితం పట్టుకుని ల్యాబ్ మెట్లు దిగేవాళ్ల నోట తరచూ వినే మాట ఇది. గురువారానికి మళ్లీ అన్నమే. పట్టుదల లేక కాదు, పెట్టుకున్న లెక్కే తప్పు.

అపోహ: కొర్రన్నం ఎంత తిన్నా షుగర్ పెరగదు.

వాస్తవం: పాలిష్ బియ్యం కన్నా కొర్రల్లో పీచు ఎక్కువ, నిజమే. అయినా 100 గ్రాముల కొర్రల్లో సుమారు 60 గ్రాములు పిండిపదార్థమే. తెల్లగా మర పట్టిస్తే ఆ పీచూ తవుడుతో పోతుంది. గిద్దలూరు వైపు ఒక మామూలు పళ్లెం చూడండి: కొర్రన్నం గుట్టగా, దాని మీద పప్పు పలచగా, అంచున నిమ్మకాయంత గోంగూర పచ్చడి. కంది పండేది మన మెట్ట చేలల్లోనే, కంచంలోకి వచ్చేసరికి నీళ్లచారు! హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం 2,000 కేలరీల తిండికి రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400. అందుకే "అన్నం మానేస్తా" అనే బదులు "రాత్రికి ఒక గరిటె అన్నం తగ్గించి, ఒక గరిటె ముద్దపప్పు, ఒక గరిటె కూర ఎక్కువ వేసుకుంటా" అనుకోండి. గరిటె లెక్కయితే వడ్డించేవాళ్లకూ తెలుస్తుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం పప్పు పెంచేముందు డాక్టర్ని అడగాలి.

అపోహ: 21 రోజులు బిగబడితే అలవాటైపోతుంది.

వాస్తవం: ఈ 21 అమెరికా ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ 1960 నాటి పుస్తకంలోంచి పాకింది. ఆపరేషన్‌తో మారిన ముఖానికి రోగి అలవాటు పడాలంటే కనీసం అన్ని రోజులు పడుతుందని ఆయన రాశాడు, తిండి గురించి కాదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనిస్తే అలవాటు కుదరడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేలింది. మధ్యస్థంగా 66. నడుమ ఒక రోజు తప్పినా కొంప మునగలేదు. పెళ్లిభోజనం తినేసి "ఇక అయిపోయింది" అనుకోనక్కర్లేదు. మాల వేసుకుని 41 రోజులు నిష్ఠగా ఉన్నాయన మాల తీసిన మర్నాడే చికెన్ కొట్టు ముందు కనబడతాడు. గడువున్న నియమం గడువుతోనే తీరుతుంది మరి.

అపోహ: వంటకు వాడే బోరు నీళ్లు కాస్తే అందులోని ఫ్లోరైడ్ పోతుంది.

వాస్తవం: పోదు. ఆవిరయ్యేది నీరే కాబట్టి మిగిలినదాంట్లో గాఢత ఇంకా పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. తాగడానికి క్యాన్ కొని, వంటకు బోరు నీళ్లు పోసే ఇళ్లు మనవైపు చాలానే. ఎసట్లో పోసిన నీళ్లను అన్నం పీల్చుకుంటుంది, పప్పూ అంతే. మీ బోరులో ఫ్లోరైడ్ ఉంటే క్యాన్ నీళ్లు ముందు ఎసట్లో పొయ్యండి.